వంటింటి సింకు పదేపదే పూడుకుపోకుండా చూసుకోవటం ఎలా?

నీలిమబ్బు (ప్రశ్న):

మా వంటింటి సింకులో నీళ్ళు దిగటం కొన్ని నెలలుగా మందగిస్తూ వస్తోంది. ఒక్కసారిగా ఆగిపోయి ఉంటే చెంచానో మూతో లోపల పడిందని అనుకునేవాణ్ణి, కానీ ఇది అలా జరగలేదు. మొదట్లో అంట్లు తోముతున్నంతసేపూ సింకు అడుగున పలచగా నీళ్ళు నిలిచేవి. ఇప్పుడు కుళాయి సగం తిప్పినా గిన్నెలు మునిగేంత నీరు చేరుతోంది. ఆ నీరంతా దిగిపోయే చివరి క్షణంలో కింద గుడగుడమని చప్పుడవుతుంది, ఆ వెనకే కాసేపు కుళ్ళు వాసన వస్తుంది.

పని తెలిసినవారిని పిలిపిస్తే స్ప్రింగు తీగను లోపలికి పంపి తిప్పుతారు, నల్లటి మడ్డి కొంత బయటికి వస్తుంది, నీళ్ళు జోరుగా దిగుతాయి. కొద్ది వారాలు గడిచేసరికి కథ మళ్ళీ మొదటికి వస్తుంది. సింకు నోటి దగ్గర జాలీ ఎప్పుడూ ఉంటుంది. మిగిలిన ఆహారాన్ని, తొక్కలను, ఎముకలను చెత్తబుట్టలోనే వేస్తాం. ఇంత జాగ్రత్తగా ఉన్నా లోపల చేరుతున్నది ఏమిటో, అది ఎక్కడి నుంచి వస్తోందో నాకు అంతుపట్టటం లేదు.

నాకు కావలసింది అడ్డం తీయించే ఉపాయం కాదు, అసలు పడకుండా చూసుకొనే పద్ధతి. వంటసోడా, వెనిగర్ కలిపి పోయమని కొందరు, వారానికొకసారి మరుగుతున్న నీళ్ళు కుమ్మరించమని కొందరు, కాస్టిక్ సోడా ఒక్కటే మందని మరికొందరు చెబుతున్నారు. వీటిలో దేనిలో ఎంత నిజముందో కారణంతో సహా ఎవరైనా వివరించగలరా? ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మా సింకు కింద ఉన్నది నున్నని గొట్టం కాదు, ఎటు కావాలంటే అటు వంగే మడతల పైపు. అది పొడవు కొంచెం ఎక్కువై అల్మరా అడుగున ఒరిగి ఉంది. దీనికీ ఈ సమస్యకూ సంబంధం ఉందా?

పొద్దుతిరుగుడు (జవాబు):

నీలిమబ్బు గారూ, జాలీ ఉన్నా సింకు పూడుకుపోవటంలో వింత ఏమీ లేదు, ఎందుకంటే పైపును పూడ్చే అసలు పదార్థం జాలీకి చిక్కేది కాదు. అది జిడ్డు. మూకుడు అడుగున మిగిలిన నూనె, పాత్ర అంచున అంటుకున్న వెన్న, మాంసం వండినప్పుడు దిగిన కొవ్వు, ఇవన్నీ వేడినీటి కింద కరిగి, గిన్నెలు తోమే సబ్బుతో కలిసి కంటికి కనిపించనంత చిన్న బొట్లుగా చీలి, తెల్లని నురగ నీళ్ళ రూపంలో జాలీని సునాయాసంగా దాటిపోతాయి. గిన్నె తళతళలాడుతుంది కనుక జిడ్డు వదిలిందని మనం అనుకుంటాం. నిజానికి అది మన ఇల్లు దాటలేదు, చోటు మాత్రమే మార్చుకుంది.

సింకు నుంచి నాలుగడుగుల దూరం పోయేసరికి నీటి వేడి తగ్గుతుంది, వెనక వచ్చిన చన్నీళ్ళతో సబ్బు పలచబడుతుంది, విడివిడిగా ఉన్న బొట్లు మళ్ళీ ఒకదానితో ఒకటి కలిసి పైపు లోపలి గోడకు అంటుకుంటాయి. వెన్న, జంతువుల కొవ్వు వంటివి మామూలు గది వేడిమిలోనే గడ్డకడతాయి కనుక అవి ముందుగా నిలుస్తాయి. ద్రవంగా ఉండే నూనెలు కూడా ఆ జిగురును పట్టుకొని ఆగిపోతాయి. అలా నిలిచిన జిడ్డు నుంచి నెమ్మదిగా కొవ్వు ఆమ్లాలు విడివడతాయి. మీ ఇంటికి వచ్చేది కాల్షియం ఎక్కువగా ఉన్న కఠిన జలమైతే, ఆ ఆమ్లాలు కాల్షియంతో కలిసి నీటిలో కరగని ఒక రకం సబ్బుగా మారతాయి. గోకితే పొడిపొడిగా రాలే ఆ బూడిదరంగు పొర వేలితో నొక్కినా తేలికగా ఊడదు. మీరు ఎన్ని నీళ్ళు పోసినా కదలనిది బహుశా అదే.

ఇది ఒక ఇంటి గొడవ మాత్రమే కాదని తెలియటానికి ఒక్క ఉదాహరణ చాలు. 2017లో లండన్ నగరంలోని వైట్‌చాపెల్ ప్రాంతంలో మురుగు కాలువలో సుమారు 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు ఉన్న కొవ్వు గడ్డ బయటపడింది. ఇళ్ళలోనూ వంటశాలల్లోనూ తూములో పోసిన నూనె, దానితో పాటు మరుగుదొడ్లలో పారేసిన తడి తుడుపు గుడ్డలు కలిసి గట్టిపడగా ఏర్పడిన గడ్డ అది. దాన్ని పగలగొట్టి తీయటానికి వారాలు పట్టింది. మీ సింకు పైపులో జరుగుతున్నదానికీ దానికీ పరిమాణంలో తేడా తప్ప స్వభావంలో తేడా పెద్దగా లేదు.

అందువల్ల నివారణ అంతా కుళాయి తిప్పటానికి ముందే జరగాలి. జిడ్డు ఉన్న ప్రతి పాత్రనూ తడి చేయకముందే తుడవాలి. తడి తగిలిన తరువాత తుడవటం వల్ల సగం ఫలితం కూడా ఉండదు, ఎందుకంటే అప్పటికే నూనె నీటి మీద తేలి సింకంతా పరుచుకొని ఉంటుంది. పాత కాగితమైనా, పారేయదలచిన గుడ్డ పేలికైనా, పిండి గీకే రబ్బరు గరిటె అయినా సరే. ఒక్కసారి మూకుడును అలా తుడిచి ఆ కాగితాన్ని చేతిలో పిండి చూడండి. వేళ్ళ సందుల్లోంచి కారే ఆ నూనె అంతా లేకపోతే ఎక్కడికి వెళ్ళేదో వేరే చెప్పనక్కరలేదు. వేయించగా మిగిలిన నూనెను చల్లారనిచ్చి, మూత ఉన్న పాత డబ్బాలో పోసి, డబ్బా నిండాక చెత్తతో పంపటం మేలు. వేడి నూనెను ప్లాస్టిక్ సీసాలో పోయకూడదని ప్రత్యేకంగా చెప్పవలసి వస్తోంది, ఎందుకంటే ఆ పని చేసేవారు ఉన్నారు.

జిడ్డు తరువాత చెప్పుకోవలసినవి పిండి పదార్థాలు. ఉడికిన గింజలు, పిండి కలిపిన పాత్ర కడిగిన నీళ్ళు, గంజి మొదలైనవి ఒంటరిగా పైపును మూసేంత బలమైనవి కావు కానీ, జిడ్డు పొర మీద పడితే ఉబ్బి జిగురై దాన్ని మందం చేస్తాయి. కాఫీ పొడి, టీ ఆకు నీటిలో కరగవు. బరువుగా ఉండటం వల్ల నీటి వేగం తగ్గిన ప్రతి చోటా ఇసుకలా అడుగుకు దిగుతాయి. వీటిని నీటితో కొట్టేయటం చాలామందికి అలవాటు, మరి వీటి వల్లనే పొరకు గరుకుతనం వచ్చి తరువాతి జిడ్డు ఇంకా సులువుగా అంటుకుంటుంది.

జాలీ గురించి ఒక మాట. మీ జాలీ రంధ్రాలు పెన్సిలు మొన దూరేంత పెద్దవైతే దానిలో సన్నని తీగ అల్లిక ఉన్న రెండో జాలీని కూర్చోబెట్టండి. అంతకన్నా ముఖ్యమైనది, నీళ్ళు నెమ్మదిగా దిగుతున్నాయని విసుగు పుట్టి తోమటం మధ్యలో జాలీని పైకెత్తటం మానాలి. పూటంతా అది పట్టి ఉంచిన తుక్కు ఆ ఒక్క క్షణంలో బిలబిలమని లోపలికి పోతుంది. ఇంట్లో ఈ పని ఎవరు చేస్తున్నారో కాస్త గమనించి చూడండి, మీరు అనుకున్న మనిషి కాకపోవచ్చు.

గొట్టాలపని (జవాబు):

పొద్దుతిరుగుడు గారు చెప్పినదానితో నాకు విభేదం లేదు. నేను పైపుల పనిలో చాలాకాలంగా ఉన్నాను కనుక మడతల పైపు గురించి అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు చెబుతాను. సంబంధం ఉంది, అదీ చాలా గట్టి సంబంధం.

ఆ పైపును పొడవుగా కోసి చూస్తే లోపల వరుసగా ఉంగరాల్లాంటి గాళ్ళు ఉంటాయి. నున్నని గొట్టంలో నీరు గోడను రాసుకుంటూ పోతుంది కనుక మడ్డిలో కొంతైనా ముందుకు కొట్టుకుపోతుంది. మడతల పైపులో నీటి జోరు మడతల శిఖరాలకే తగులుతుంది, గాళ్ళలో నీరు దాదాపు కదలదు. పాత పైపును మార్చేటప్పుడు ఎప్పుడు కోసి చూసినా ప్రతి గాడిలోనూ తెల్లటి జిడ్డు, దాని మీద నల్లటి పాచి, ఆ పాచిలో ఇరుక్కున్న గింజ ముక్కలు కనిపిస్తాయి. వాసన వచ్చేది ఆ పాచి నుంచే. అటువంటి పైపు పొడవెక్కువై అల్మరా అడుగున ఒరిగితే ఆ పల్లంలో ఎప్పుడూ మురుగు నిలిచి ఉంటుంది. సింకు కింద ఒక వంపు ఉండాలి, నిజమే, కానీ అది కొలిచి పెట్టిన వంపు కావాలి, తనంతట తాను వాలిపోయినది కాకూడదు.

ఈ వంపును మా పనిలో ట్రాప్ అంటాం. దానిలో నిలిచే నీరు మురుగు గొట్టంలోని దుర్గంధపు వాయువులు ఇంట్లోకి రాకుండా ఆపుతుంది. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల నిపుణుడు ఇటువంటి వంపు గొట్టంతో ఉన్న మరుగుదొడ్డికి పేటెంటు తీసుకున్న నాటి నుంచి నేటి వరకు ఆ సూత్రం మారలేదు. అడ్డం పడుతోందని విసిగి ట్రాప్‌ను తీసేయించి తిన్నగా గొట్టం పెట్టించుకొనేవారిని చూశాను. దయచేసి ఆ పని చేయవద్దు. నీళ్ళు దిగుతాయి కానీ దుర్వాసన, బొద్దింకలు రెండూ పైకి వస్తాయి. అలాగే, గోడ దగ్గర ఒక ట్రాప్ ఉండగా సింకు కింద ఇంకొకటి పెట్టకూడదు. రెండింటి మధ్య గాలి చిక్కుకొని నీటి పారుదల తగ్గుతుంది, పైగా మడ్డి చేరటానికి మరొక చోటు ఇచ్చినట్లవుతుంది. మీ మడతల పైపు పల్లం సరిగ్గా అలాంటి దొంగ ట్రాప్‌గా పనిచేస్తోందేమో చూడండి.

మీరు చెప్పిన గుడగుడ చప్పుడుకు రెండు కారణాలు ఉండవచ్చు. పైపు లోపలి దారి సన్నబడినప్పుడు నీరు గొట్టం నిండా ప్రవహించి, వెనక గాలిని పీల్చుకుంటూ పోతుంది. గాలి రావలసిన వెంట్ గొట్టం లేకపోయినా, పక్షి గూడు వంటిది అడ్డుపడి మూసుకుపోయినా అదే చప్పుడు వస్తుంది. ఆ పీల్పుకు ట్రాప్‌లోని నీరు కూడా లాగివేయబడితే కాపలా నీరు తగ్గి వాసన లోపలికి వస్తుంది. మీకు చప్పుడు, దాని వెనకే వాసన రెండూ ఉన్నాయి కనుక దారి శుభ్రపడిన తరువాత కూడా చప్పుడు పోకపోతే వెంట్ గొట్టాన్ని చూపించండి.

ఇక వాలు. గోడలోకి పోయే అడ్డ గొట్టం మీటరుకు సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున కిందికి వాలి ఉండాలి. సింకుకు మామూలుగా వాడేది 40 మిల్లీమీటర్ల గొట్టం; అంత సన్నని గొట్టానికి వాలు తక్కువైతే నీరు నిదానించి మడ్డిని వదిలేస్తుంది. వంటిల్లు మార్చి కట్టించుకున్న ఇళ్ళలో ఈ లోపం తరచుగా కనిపిస్తుంది, ఎందుకంటే సింకును గోడ ఆ మూల నుంచి ఈ మూలకు జరుపుతారు కానీ మురుగు గొట్టం ఎత్తును జరపలేరు.

స్ప్రింగు తీగ ఎందుకు తాత్కాలికమో కూడా చెప్పాలి. ఆ తీగ మడ్డి మధ్యలో ఒక దారి తొలుస్తుంది, అంతే. గోడలకు పట్టిన పొర ఎక్కడిదక్కడే ఉంటుంది, ఆ సన్న దారి మూసుకుపోవటానికి కొద్ది వారాలు చాలు. కాబట్టి మీ ఇంట్లో జరుగుతున్నది పనివారి లోపం అనుకోవద్దు. ఒకసారి మడతల పైపును తీయించి, దాని బదులు నున్నని గొట్టం, చేతితో తిప్పి విప్పుకోగల బాటిల్ ట్రాప్ (అడుగున గిన్నె ఉన్న సీసా ఆకారపు ట్రాప్) పెట్టించండి. తరువాత రెండు మూడు నెలలకొకసారి దాన్ని మీరే విప్పి కడగవచ్చు. కింద బకెట్టు పెట్టి, అడుగు గిన్నెను చేతితోనే తిప్పండి. పటకారుతో బిగిస్తే ప్లాస్టిక్ మర పగులుతుంది. లోపలి మడ్డిని చెత్తలో వేసి, పాత పళ్ళ బ్రష్షుతో గోడలు రుద్ది, రబ్బరు వాషర్ తన గాడిలో సరిగ్గా కూర్చుందని చూసుకొని మళ్ళీ బిగించండి. ఆ తరువాత నీళ్ళు వదిలి పొడి కాగితాన్ని అతుకు చుట్టూ తిప్పితే చెమ్మ ఉన్నదీ లేనిదీ వెంటనే తెలుస్తుంది.

చిరుజల్లు (జవాబు):

ఇంత శ్రమ అవసరమా అనిపిస్తోంది. మా ఇంట్లో వారానికొకసారి మరుగుతున్న నీళ్ళు పోస్తాం, ఎన్నడూ పూడుకుపోలేదు. మా ఇల్లు పాతది, గొట్టాలు ఇనుపవి.

ఉదజని (జవాబు):

చిరుజల్లు గారూ, మీ గొట్టాలు ఇనుపవి కావటమే మీ పద్ధతి ఇంతకాలం నష్టం లేకుండా సాగటానికి ఒక కారణం. ఇప్పటి ఇళ్ళలో మురుగుకు వాడేది ఎక్కువగా పీవీసీ. అది దాదాపు 60 డిగ్రీల సెల్సియస్‌ను మించిన వేడిని ఎడతెగకుండా తట్టుకొనేందుకు తయారైనది కాదు, 80 డిగ్రీల ప్రాంతంలో మెత్తబడటం మొదలుపెడుతుంది. పొయ్యి మీద నుంచి దించిన నీరు 100 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. ఒక్కసారి పోసినంత మాత్రాన గొట్టం కరిగిపోదు కానీ, పదేపదే పోస్తే అతుకులు సడలటం, రబ్బరు వాషర్లు వంకరపోవటం, ఆధారం లేని చోట గొట్టం కిందికి వాలటం జరుగుతాయి. వాలిన చోటే మళ్ళీ మురుగు నిలుస్తుందని గొట్టాలపని గారు ఇప్పటికే చెప్పారు. అదీ కాక, వేడినీరు జిడ్డును నాశనం చేయదు, కరిగించి కొంత ముందుకు నెడుతుంది. చేతికి ఓర్చుకోదగినంత వేడి నీళ్ళు సబ్బుతో వాడితే చాలు, అంతకు మించి అక్కరలేదు.

నా సలహా ఏమిటంటే వేడి కన్నా నీటి పరిమాణాన్ని నమ్ముకోవాలి. కుళాయి నుంచి సన్నగా పడే ధార గొట్టం అడుగు భాగాన్ని మాత్రమే తడుపుతూ పోతుంది. అదే సింకు మూత బిగించి, గోరువెచ్చని నీళ్ళు సగానికి పైగా నింపి, కొన్ని చుక్కల సబ్బు కలిపి, మూతను ఒక్కసారిగా లాగితే గొట్టం నిండా నీరు బరువుతో దూసుకుపోయి, ఇంకా గట్టిపడని మడ్డిని తోసుకుపోతుంది. రాత్రి చివరి గిన్నె కడిగాక వారంలో ఒకటి రెండు రోజులు ఇలా చేస్తే సరిపోతుంది. రెండు తొట్ల సింకైతే రెంటినీ నింపి ఒకేసారి వదలాలి.

వంటసోడా, వెనిగర్ విషయానికి వద్దాం. ఇది చూడటానికి ఎంతో బాగుంటుంది, బుసబుస పొంగుతుంది, ఏదో గొప్ప పని జరుగుతోందని మనసుకు తృప్తి కలుగుతుంది. లోపల జరిగేది ఏమిటంటే, క్షారమైన సోడా, ఆమ్లమైన వెనిగర్ ఒకదాన్నొకటి తటస్థపరచుకొని కార్బన్ డయాక్సైడ్, నీరు, సోడియం ఎసిటేట్‌గా మారిపోతాయి. మిగిలే ద్రవం కాస్త ఉప్పగా ఉండే నీరే, దానికి కొవ్వును కరిగించే శక్తి లేదు. పొంగుకు పైపైన ఉన్న మడ్డి కొంత కదలవచ్చు, వాసన కాసేపు తగ్గవచ్చు. హాని లేదు కనుక వద్దనను, కానీ దీన్ని నమ్ముకొని నూనె పోస్తూ ఉంటే ఫలితం ఉండదు.

కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్, కొవ్వును నిజంగానే సబ్బుగా మార్చి కరిగిస్తుంది. అందుకే దానికి అంత పేరు. అయితే నీటిలో పడగానే అది తీవ్రమైన వేడిని పుట్టిస్తుంది, చర్మాన్నీ కంటినీ కాలుస్తుంది, అల్యూమినియం పాత్రలనూ గొట్టాలనూ తినివేస్తూ మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది. పూర్తిగా మూసుకుపోయిన గొట్టంలో పోస్తే అది కదలక ఒకే చోట నిలిచి అక్కడి ప్లాస్టిక్‌ను వేడెక్కిస్తుంది, కొన్నిసార్లు మడ్డితో కలిసి రాయిలా గడ్డకడుతుంది కూడా. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదే. ఇంకొక ప్రమాదం ఆ తరువాత వచ్చే మనిషికి ఉంటుంది. మీరు పోసిన సంగతి తెలియక ఆయన ట్రాప్ విప్పితే ఆ ద్రవం నేరుగా చేతుల మీద, ముఖం మీద పడుతుంది. ఎప్పుడైనా పోసి ఉంటే పనివారికి ముందే చెప్పటం మన బాధ్యత, అటువంటి సింకులో ప్లంజర్ (కర్రకు రబ్బరు కప్పు ఉన్న పనిముట్టు) కొట్టటం కూడా ప్రమాదమే.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం రెండు మందులను కలపటం. ఒకటి పనిచేయలేదని దాని మీద ఇంకొకటి పోసేవారు చాలామంది ఉన్నారు. బ్లీచింగ్ ద్రవం మీద ఆమ్లం పడితే క్లోరిన్ వాయువు, అమోనియా ఉన్న శుభ్రపరిచే ద్రవం పడితే క్లోరమైన్ వాయువులు పుడతాయి. తలుపులు మూసిన చిన్న వంటింట్లో ఇవి ఊపిరితిత్తులకు తీవ్ర హాని చేస్తాయి. వెనిగర్ కూడా ఆమ్లమేనని ఈ సందర్భంలో గుర్తుంచుకోవాలి.

నీలిమబ్బు (ప్రశ్నించినవారు):

అందరికీ ధన్యవాదాలు. గొట్టాలపని గారు చెప్పినట్లే మడతల పైపును విప్పించి చూశాను. నేల మీద ఒరిగిన భాగంలో వేలు కూడా దూరని సందు మిగిలి ఉంది. పైన బూడిదరంగు మైనంలాంటి పొర, దాని కింద నల్లటి జిగురు, ఆ జిగురులో కాఫీ పొడి గీతలు గీతలుగా కనిపించాయి. అంటే ఇక్కడ చెప్పినవన్నీ వరుసగా ఉన్నాయన్నమాట. నున్నని గొట్టం, బాటిల్ ట్రాప్ పెట్టించాను. నీళ్ళు బాగా దిగుతున్నాయి, చప్పుడు మాత్రం చాలా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

రెండు సందేహాలు మిగిలాయి. ఎంజైముల ద్రవాలు అని అమ్ముతున్నవి నివారణకు పనికొస్తాయా? రెండవది, బట్టలు ఉతికే యంత్రం నీళ్ళు కూడా గోడలోపల ఇదే గొట్టంలో కలుస్తాయని ఇప్పుడే తెలిసింది. యంత్రం నీళ్ళు వదిలినప్పుడే సింకులో గుడగుడ ఎక్కువగా వినిపిస్తోంది.

ఉదజని (జవాబు):

మొదటి సందేహానికి నా జవాబు, కొంతవరకు పనికొస్తాయి. వాటిలో కొవ్వును విడగొట్టే లైపేజ్ వంటి ఎంజైములు గానీ, వాటిని తయారుచేసే బ్యాక్టీరియా గానీ ఉంటాయి. అవి నెమ్మదిగా పనిచేస్తాయి కనుక మూసుకుపోయిన గొట్టాన్ని తెరవలేవు, శుభ్రంగా ఉన్నదాన్ని శుభ్రంగా ఉంచటానికి సాయపడతాయి. రాత్రి పడుకొనే ముందు పోసి, తెల్లవారేవరకు నీళ్ళు వదలకుండా ఉంటేనే వాటికి పని చేసే వ్యవధి దొరుకుతుంది. మరుగుతున్న నీళ్ళు, బ్లీచింగ్ ద్రవం రెండూ వాటిని చంపుతాయి. కాబట్టి ఒక రోజు ఇది, మరునాడు అది అని రెండూ వాడితే చేసిన ఖర్చు వృథా. పాత్రలను పొడిగా తుడిచే అలవాటు నిలబడితే ఈ ద్రవాల అవసరం చాలా ఇళ్ళలో రాదని నా అభిప్రాయం.

పొద్దుతిరుగుడు (జవాబు):

యంత్రం నీళ్ళలో బట్టల నుంచి ఊడిన నూలు పోగులు వస్తాయి. అవి ఒంటరిగా పోతే పెద్ద నష్టం లేదు, కానీ సింకు జిడ్డు పట్టిన గొట్టంలో కలిస్తే ఆ జిడ్డుకు పీచు దొరికినట్లే, గడ్డ తొందరగా బిగుస్తుంది. యంత్రం నీళ్ళు వదిలే గొట్టం చివర సన్నని వలసంచి కట్టి, నిండకముందే ఖాళీ చేస్తూ ఉండండి. నిండిన సంచిని మరచిపోతే నీళ్ళు ఎగదన్ని నేల మీదికి వస్తాయి.

గొట్టాలపని (జవాబు):

యంత్రం ఒక్కసారిగా ఎక్కువ నీరు నెట్టేటప్పుడు సింకులో చప్పుడు రావటం అంటే, రెండూ కలిసిన చోటు తరువాత గొట్టం ఇంకా సన్నగా ఉందని గానీ, గాలి అందటం లేదని గానీ అర్థం. తేడా కనిపెట్టటానికి ఒక తేలిక మార్గం ఉంది. సింకు నింపి వదిలినప్పుడు నీళ్ళు జోరుగానే దిగి చప్పుడు మాత్రమే వస్తే గాలి లోపం. మొదట జోరుగా దిగి, కాసేపటికి నిదానించి, సింకులో మళ్ళీ పైకి తేలితే ముందెక్కడో మడ్డి ఉన్నట్లు. ఇంట్లో స్నానాల గది తూము కూడా అదే సమయంలో నిదానిస్తుంటే అది సింకు గొడవ కాదు, ప్రధాన మురుగు గొట్టంది. అప్పుడు ఇంట్లో ఏ చిట్కాలూ చేయక పని తెలిసినవారిని పిలవటమే మేలు.

ముందున్న మడ్డిని తొలగించటానికి ఈసారి స్ప్రింగు తీగకు బదులు ఒత్తిడితో నీళ్ళు కొట్టే యంత్రంతో శుభ్రం చేయమని అడగండి. తీగ దారి మాత్రమే తొలుస్తుంది, నీటి ఒత్తిడి గోడలను కూడా కడుగుతుంది. అయితే పాత గొట్టమైతే అతుకుల బలం చూశాకే ఆ పనికి ఒప్పుకోవాలి. చిన్న అడ్డమైతే ప్లంజర్ చాలు, కానీ రెండో తొట్టి నోటినీ, పొర్లు నీరు పోయే రంధ్రాన్నీ తడి గుడ్డతో గట్టిగా మూసి, కప్పు మునిగేంత నీరు నిలిపి కొట్టాలి. అవి మూయకపోతే మీ బలమంతా గాలిలోకి పోతుంది.

చివరగా, గొట్టం మలుపు తిరిగే చోట మర మూత ఉన్న తనిఖీ ద్వారం ఉందేమో వెతకండి. లేకపోతే ఇప్పుడు పని ఎలాగూ జరుగుతోంది కనుక ఒకటి పెట్టించండి. గోడ పగలగొట్టకుండా లోపలికి చేయి పెట్టగల చోటు అదొక్కటే. దానికి అడ్డంగా అల్మరా బల్లలు మేకులతో బిగించనివ్వకండి, ఊడదీసుకొనేలా ఉంచండి. ఎప్పుడైనా ఆ మూత తెరిచేటప్పుడు కింద వెడల్పాటి పళ్ళెం పెట్టి, సింకులో గానీ యంత్రంలో గానీ ఎవరూ నీళ్ళు వదలకుండా ఇంట్లో అందరికీ ముందే గట్టిగా చెప్పి ఉంచండి.